నగర పటం మీద రంగులు ఎవరివి?

నగర నిర్మాణం నిపుణులకు విడిచిపెట్టవలసిన విషయమనీ, వార్డు మెంబర్లు అందులో వేలు పెడితే పని చెడుతుందనీ అనేవారు మన చదువుకున్నవాళ్లలో నానాటికీ ఎక్కువవుతున్నారు. ఏ వీధిలో ఇళ్లుండాలి, ఏ వీధిలో దుకాణాలుండాలి, ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలి, చెరువు పక్కన ఎంత స్థలం వదలాలి అనేవి శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలట. కౌన్సిలర్‌కు శాస్త్రం తెలియదట. పైగా చెయ్యి చాపే అలవాటుందట. కనుక ఈ అధికారం నగర కౌన్సిల్ చేతికి రాకుండా సచివాలయంలోనో, ప్రణాళికా నిపుణుల గదిలోనో భద్రంగా ఉండాలట. విచారించవలసిందేమంటే, అభ్యుదయవాదులమని చెప్పుకునే మిత్రులు కూడా ఈ మాట అంటున్నారు. ఈ అభిప్రాయం తప్పు. ఉత్త తప్పే అయితే ఊరుకోవచ్చు. ఇది పేదవాళ్ల ఇళ్లమీదికి వచ్చే తప్పు. అందుకే దీన్ని ఖండించటానికి పూనుకుంటున్నాను.

ముందు ఆ శాస్త్రం ఏమిటో మామూలు మాటల్లో చెప్పుకుందాం. నగర పటాన్ని ముక్కలుగా విభజించి ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పనికి కేటాయించటాన్ని జోనింగ్ అంటారు. సాధారణంగా పసుపు రంగు నివాసానికి, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ పొలాలకూ తోటలకూ గుర్తులు. పటం మీద ఆకుపచ్చగా ఉన్న పదెకరాల చెలక ఒక్క ఉత్తర్వుతో పసుపుపచ్చగా మారితే ఏమవుతుంది? ఆ నేలలో ఎవరూ గడ్డపార దించలేదు. ఒక ఇటుక పేర్చలేదు. కాని దాని ధర అనేక రెట్లు పెరుగుతుంది. ఆ పెరిగిన ధర ఎక్కడినుంచి వచ్చింది? రోడ్డు వేసిన కూలీ శ్రమనుంచి, నీటి గొట్టాలు పాతిన కూలీ శ్రమనుంచి, పన్ను కట్టిన నగరవాసి కష్టంనుంచి. ఎవరి జేబులోకి పోయింది? పటం మారబోతున్నదని అందరికంటే ముందు తెలిసినవాడి జేబులోకి. పదిమంది సృష్టించిన సంపదను ఒకడికి అప్పగించే పనిని శాస్త్రమంటే, రాజుగారి మాన్యాలు రాసిన కరణం కూడా శాస్త్రజ్ఞుడే.

పొగగొట్టం పక్కన బడి ఉండకూడదని చెప్పటానికి నిపుణుడు కావాలి. చెరువు అలుగు ఏ దారిన పారుతుందో చెప్పటానికి ఇంజనీరు కావాలి. దీన్ని నేను కాదనను. కాని ఆ పొగగొట్టం ఎవరి ఇళ్ల పక్కకు పోవాలో చెప్పే శాస్త్రం ఇంతవరకు పుట్టలేదు. అది శాస్త్రం తేల్చే విషయం కాదు, బలం తేల్చే విషయం.

మన దేశంలో ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పటమూ రంగులూ లేకుండానే మన పెద్దలు జోనింగ్ చేశారు. ఊరు ఒకచోట, వాడ ఒకచోట. అగ్రహారం ఒకచోట, గూడెం ఒకచోట. ఎవరు ఏ బావిలో నీళ్లు తోడుకోవాలో, ఎవరు ఏ వీధిలో నడవకూడదో ఏ కాగితం మీదా రాయకుండానే అమలు జరిపారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో తన నవలకు ‘మాలపల్లి’ అని పేరు పెడితే, అది ఎక్కడుంటుందో, అందులో ఎవరుంటారో తెలుగు పాఠకుడికి వివరించవలసిన అవసరం రాలేదు. కులం నేలమీద గీసిన గీత అంత స్పష్టంగా ఉంది. నేలను విభజించటమంటే మనుషులను విభజించటమేనని మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?

పటం గీసి, రంగులు వేసి, చట్టం చేసే పద్ధతి మాత్రం పడమటినుంచి వచ్చింది. నిపుణుల మీద భక్తి ఉన్న మిత్రులు తరచు అమెరికాను చూపిస్తారు. సరే, అక్కడే చూద్దాం.

1880లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర కౌన్సిల్ — అక్కడ దాన్ని సూపర్‌వైజర్ల బోర్డు అంటారు — ఒక శాసనం చేసింది. కొయ్యతో కట్టిన ఇంట్లో చాకిరేవు దుకాణం నడపాలంటే బోర్డు అనుమతి ఉండాలి. కారణం అగ్నిప్రమాదాల భయం. వినటానికి ఎంత శాస్త్రీయంగా ఉంది! ఆ నగరంలో అప్పుడు దాదాపు 320 చాకిరేవు దుకాణాలుండేవి. వాటిలో 310 కొయ్యవే. సుమారు 240 చైనావాళ్లవి. అనుమతి కోరిన 200 మంది చైనావాళ్లలో ఒక్కరికీ ఇవ్వలేదు. చైనావాళ్లు కానివారు 80 మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. నిప్పుకు మనిషి జాతి తెలుస్తుందా? యిక్ వో అనే పేరుతో 22 ఏళ్లపాటు అదే ఇంట్లో దుకాణం నడిపి, ఇల్లు భద్రంగానే ఉందని నగర అధికారులచేతనే రాయించుకున్న మనిషిని కూడా జైల్లో పెట్టారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుదాకా వెళితే, 1886లో కోర్టు ఆ అన్యాయాన్ని కొట్టివేసింది.

తరవాత ముసుగు కూడా తీసేశారు. 1910లో బాల్టిమోర్ కౌన్సిల్ నల్లవాళ్లు ఏ వీధుల్లో ఉండాలో, తెల్లవాళ్లు ఏ వీధుల్లో ఉండాలో శాసనంలోనే రాసింది. 1914లో లూయీవిల్ నగరం అదే దారి పట్టింది. నల్లజాతి ప్రజల సంస్థ కోర్టుకెక్కి పోరాడితే, 1917లో సుప్రీంకోర్టు లూయీవిల్ శాసనాన్ని రద్దు చేసింది. ఎందుకు రద్దు చేసిందో కూడా గమనించాలి. ప్రధానంగా మనుషులు సమానులు గనుక కాదు. తెల్లవాడు తన ఆస్తిని తనకిష్టమైనవాడికి అమ్ముకునే హక్కుకు భంగం కలిగింది గనుక!

జాతి పేరుతోపాటు డబ్బు పేరు చెప్పటం కూడా మొదలైంది. న్యూయార్కులో 1916 జోనింగ్ చట్టం వెనక ఉన్న పెద్ద ఒత్తిడి ఫిఫ్త్ ఎవెన్యూ వర్తకులది. దుస్తుల ఫ్యాక్టరీలూ, వాటిలో పనిచేసే వలస కార్మికుల గుంపులూ తమ ఖరీదైన దుకాణాల ముందుకు రాకూడదని వాళ్ల పట్టుదల. క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే చిన్న ఊరి కౌన్సిల్ చేసిన జోనింగ్ శాసనం కోర్టుకు వెళ్లినప్పుడు, కింది కోర్టు న్యాయమూర్తి దాని గుట్టు బయటపెట్టాడు: ఇది మనుషులను ఆదాయాన్నిబట్టి వేరుచేస్తున్నదని. 1926లో సుప్రీంకోర్టు ఆయన తీర్పును తిరగవేసి శాసనాన్ని ఖాయం చేసింది. విడి ఇళ్ల పేటలో లేచే అద్దె భవనాన్ని ఆ తీర్పు పరాన్నభుక్కుతో పోల్చింది. అద్దె భవనంలో ఉండేదెవరు? సొంత ఇల్లు కొనలేని మనిషి. ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండాలి, ఆ స్థలం ఇన్ని గజాలకు తగ్గకూడదు అని రాస్తే చాలు. “బీదవాడా, రావద్దు” అని బోర్డు కట్టవలసిన పని లేదు.

ఇక్కడ నా ప్రతివాది లేచి నిలబడతాడు. “మీరు చెప్పినవన్నీ ఎన్నికైన కౌన్సిళ్లు చేసిన పాపాలే కదా! కౌన్సిల్‌కు ఈ అధికారం ఇవ్వకూడదనేగా మా వాదన?” అంటాడు. ఇది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు. సమాధానం చెబుతాను.

మొదటి సంగతి: శాన్‌ఫ్రాన్సిస్కో కౌన్సిల్‌ను ఎన్నుకున్నదెవరు? చైనానుంచి వలసవచ్చినవాడికి అమెరికా పౌరసత్వం పొందే హక్కే లేదు; ఓటెక్కడిది? ఎవరి దుకాణం మూతపడుతుందో ఆ మనిషి లేని సభలో అతని దుకాణం మూశారు. లోపం ఎన్నికలు ఉండటంలో లేదు, అందరికీ ఓటు లేకపోవటంలో ఉంది. రెండవ సంగతి: ఈ శాసనాలను నిపుణులు ఆపారా? ఆపలేదు. యూక్లిడ్ వ్యాజ్యంలో నగర ప్రణాళికా నిపుణులు శాసనం పక్షానే నిలబడి వాదించారు. మూడవ సంగతి: ఆపినవాళ్లెవరంటే బయటికి నెట్టబడినవాళ్లే. చాకిరేవు కార్మికులూ, నల్లజాతి ప్రజలూ సంఘాలు కట్టి, చందాలు పోగుచేసి పోరాడారు.

కౌన్సిల్ మారగలదనటానికి ఉదాహరణ కూడా ఉంది. మినియాపొలిస్ నగరంలో చాలా భాగం దశాబ్దాలపాటు విడి ఇళ్లకే కేటాయించబడి ఉండేది. 2018 డిసెంబరులో ఆ నగర కౌన్సిల్, ప్రతి నివాస స్థలంలోనూ మూడు కుటుంబాలదాకా ఉండేందుకు వీలిచ్చే ప్రణాళికను 12 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడింది ఒకే ఓటు. అద్దెకుండేవాళ్లు బహిరంగ సభల్లోకి వచ్చి మాట్లాడినందువల్ల ఇది సాధ్యపడింది. దీనితోనే అద్దెలు దిగివచ్చి స్వర్గం వెలిసిందని నేననను. నేల సరుకుగా ఉన్నంతకాలం రంగు మార్చినంత మాత్రాన పేదవాడికి ఇల్లు రాదు. కాని గీత గీసిన చెయ్యే దాన్ని చెరపగలిగిందంటే, ఆ చెయ్యి అందరి కళ్ల ముందూ ఉండబట్టే.

మన దగ్గర ఆ చెయ్యి ఎక్కడుంది? కనిపించదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండవది భూవినియోగ నియంత్రణ. మునిసిపాలిటీలకు ఇవ్వదగిన అధికారాల్లో రాజ్యాంగం అన్నిటికంటే ముందు రాసినవి ఇవే. కాని 243–డబ్ల్యు అధికరణాన్ని జాగ్రత్తగా చదవండి. శాసనసభ ఈ అధికారాలను మునిసిపాలిటీలకు “ఇవ్వవచ్చు” అని ఉంది. “ఇవ్వాలి” అని లేదు. ఆ ఒక్క క్రియాపదం సందులోనుంచి అధికారమంతా జారిపోయింది.

హైదరాబాదు సంగతే తీసుకోండి. 1975 చట్టం నగరాభివృద్ధికి ప్రభుత్వం నియమించే సంస్థను తెచ్చింది. 2008 చట్టం దాని స్థానంలో మహానగరాభివృద్ధి సంస్థను పెట్టి, ముఖ్యమంత్రినే అధ్యక్షుణ్ణి చేసింది. విస్తరించిన ప్రాంతానికి మాస్టర్ ప్లాన్ 2013 జనవరిలో వచ్చింది. ఆమోదించింది ప్రభుత్వం, నగర కౌన్సిల్ కాదు. పటంలో రంగు మారాలంటే ఉత్తర్వు వచ్చేది సచివాలయం నుంచి. కౌన్సిల్ ఉన్నా ఈ విషయంలో లేనట్టే. కొన్నాళ్లు అసలే లేదు: 2007 ఏప్రిల్‌లో మహానగర కార్పొరేషన్ ఏర్పడితే ఎన్నికలు జరిగింది 2009 నవంబరులో, 2014 డిసెంబరునుంచి 2016 ఫిబ్రవరిదాకా మళ్లీ ప్రత్యేకాధికారి పాలన.

111వ నంబరు ఉత్తర్వు కథ కూడా ఇంతే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడకుండా 1996 మార్చిలో 84 గ్రామాల్లో, 1,32,600 ఎకరాల మీద నిర్మాణాలకు ఆంక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ భారం మోసింది నేల తప్ప మరేమీ లేని చిన్న రైతు. తోట బంగళాలు లేపింది పలుకుబడి ఉన్నవాడు. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో ఆ ఆంక్షలు ఎత్తివేస్తున్నామని ప్రకటించారు. పెట్టటమూ ఎత్తటమూ రెండూ పైనుంచే జరిగాయి. ఆ నీళ్లు తాగిన నగరాన్ని ఎవరూ ఓటు అడగలేదు. ఆ నేల దున్నిన 84 గ్రామాలకూ నిర్ణయాధికారం లేదు. ఇది నిపుణుల పాలనట!

ఇక ఇందులో రచయితలకేమి పని అని అడిగేవారుంటారు. మాటలను పరీక్షించటం మన వృత్తి. ఈ వ్యవహారమంతా మాటల మీదే నడుస్తున్నది. అనుమతి లేకుండా పై అంతస్తు లేపినవాడి తప్పుకు ‘క్రమబద్ధీకరణ’ అని పేరు. 2007లోనూ 2015లోనూ అందుకు పథకాలు పెట్టి, రుసుము తీసుకుని తప్పును ఒప్పు చేసే దారి తెరిచారు. నాలాగట్టున గుడిసె వేసుకున్నవాడి బతుకుకు ‘ఆక్రమణ’ అని పేరు. 2014లో 58వ నంబరు ఉత్తర్వు 125 గజాలలోపు గుడిసెలకు ఉచితంగా పట్టాలిస్తానన్న మాట నిజమే. కాని అది దయగా వచ్చింది, హక్కుగా రాలేదు. దయను ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు. ఇక ‘మురికివాడ’ అనే మాట చూడండి. అక్కడ ఉండేవాడు ఎన్నడూ ఆ మాట అనడు. మా బస్తీ అంటాడు, మా పేట అంటాడు, మా గూడెం అంటాడు. మురికికాలవ వెయ్యని పాలకుడి దోషాన్ని ఆ మాట అక్కడివాళ్లకు అంటగడుతుంది. ‘సుందరీకరణ’ అనే మాట వినపడినచోట ఎవరి ఇళ్లు లేచిపోతున్నాయో విచారించటం కవి బాధ్యత. మన కథల్లో బస్తీలు కావలసినన్ని ఉన్నాయి. బస్తీని కూల్చేవాడు బుల్డోజరు నడిపే మనిషిగానే కనిపిస్తాడు. ఆ బుల్డోజరుకు దారి చూపిన పటం మాత్రం మన సాహిత్యంలోకి ఇంకా రాలేదు.

నేను కోరేదేమిటో స్పష్టంగా చెబుతాను. పటంలో రంగు మార్చే ప్రతి ప్రతిపాదనా ఎన్నికైన నగర కౌన్సిల్ ముందుకు బహిరంగంగా రావాలి. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లతో సహా ప్రకటించాలి. మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలని రాజ్యాంగం 243–ఎస్ అధికరణంలో చెప్పింది. అక్కడ మాత్రం “ఉండాలి” అనే ఉంది. ఆ కమిటీల్లో ఇంటి యజమానితోపాటు అద్దెకున్నవాడూ, తోపుడుబండివాడూ కూర్చోవాలి. లేకపోతే స్థానిక ప్రజాస్వామ్యం పేరుతో తయారయ్యేది ఇళ్ల యజమానుల సంఘమే. ప్రకటనలు సర్వే నంబర్లలో కాక, వీధుల పేర్లతో, తెలుగులోనూ ఉర్దూలోనూ రావాలి. రంగు మార్పువల్ల పెరిగిన ధరలో పెద్ద భాగం నగరానికి చెంది, ఆ వార్డులోనే పేదల ఇళ్లకు ఖర్చు కావాలి. ఏ బస్తీనైనా కదిలించక తప్పకపోతే, ముందు అదే వార్డులో ఇల్లు చూపించాలి.

కౌన్సిలర్ లంచగొండి కావచ్చు. కాని అతని ఇల్లు మన వీధిలో ఉంది, అయిదేళ్లకొకసారి మన గడపకు రాక తప్పదు. సచివాలయంలో సంతకం పెట్టినవాడి గడప మనకు తెలియదు. దొంగను పట్టుకోగలిగిన చోటు వదిలి పట్టుకోలేని చోటికి తాళంచెవి పంపించమనే వాదాన్ని నిపుణత అన్నా, శాస్త్రమన్నా, దాని లాభం ఎవరికో తెలుస్తూనే ఉంది. మన మిత్రులు ఆ లాభానికి తమ కలాలు అరువివ్వకుండా ఉంటే చాలు. తక్కిన పోరాటం బస్తీవాళ్లు మొదలుపెట్టి చాలాకాలమైంది.