మాక్స్ పేన్ 2, పురుగుమందుల కొట్టు, ఓ తెలుగు డిటెక్టివు

సీక్వెల్ అంటే మన దగ్గర ఒకటే లెక్క. మొదటి భాగంలో పదిమందిని కొట్టిన హీరో రెండో దాంట్లో వందమందిని కొట్టాలి. విలన్ గుంటూరు నుంచి హైదరాబాదుకి, అక్కణ్ణించి దుబాయికి ప్రమోషన్ మీద వెళ్ళాలి. వీడియో గేములూ ఇంతకు భిన్నమేం కాదు. 2003 అక్టోబరులో వచ్చిన 'మాక్స్ పేన్ 2' మాత్రం దీనికి సరిగ్గా ఎదురు నడిచింది. ఇరవై ఏళ్ళు దాటినా దాని గురించి మాట్లాడుకోవడానికి అదే కారణం. (కథ మొత్తం విప్పేస్తున్నాను. ఆడదామనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.)

ఫిన్లాండులో ఎస్పో అనే ఊరి కంపెనీ రెమెడీ చేసిన ఆట ఇది. కథ సామ్ లేక్‌ది. 2001 నాటి మొదటి భాగంలో భార్యనీ పాపనీ పోగొట్టుకున్న న్యూయార్క్ పోలీసు మాక్స్, ఓ మత్తుమందు గుట్టు లాగుతూ పెద్ద కంపెనీ దాకా వెళ్తాడు. శత్రువు పైన, అద్దాల మేడలో ఉంటుంది. రెండో భాగానికి మాక్స్ మళ్ళీ డిటెక్టివు ఉద్యోగంలో ఉంటాడు. ఈసారి శత్రువెవరో తెలుసా? వ్లాడిమిర్ లెమ్. మొదటి భాగంలో మాక్స్‌కి తుపాకులిచ్చి ఆదుకున్న స్నేహితుడే! అంటే సీక్వెల్లో నేరం ఇంకా పెద్దదవ్వలేదు, ఇంకా దగ్గరికొచ్చింది. నా మటుకు నాకు నోయిర్ అంటే అదే. వానా, చీకటీ, ఓవర్ కోటూ అన్నీ పైపై అలంకారాలు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఆటలో ఒక పెద్ద లోపం ఉంది. మోనా శాక్స్‌ని కాపాడటానికి మాక్స్ తన తోటి డిటెక్టివు వింటర్సన్‌ని కాలుస్తాడు. కథంతా తిరిగేది ఆ ఒక్క తూటా చుట్టూనే. అంతసేపూ వందల తూటాలు మన చేత పేల్పించిన ఆట, సరిగ్గా ఆ ఒక్కటీ మన చేతిలోంచి లాక్కుని బొమ్మల కథలో తనే పేల్చేస్తుంది. బాధ్యత మనకి అంటదు. 2022 ఏప్రిల్లో రెండు భాగాల్నీ కలిపి మళ్ళీ చేస్తామని రెమెడీ ప్రకటించింది. మంచి గ్రాఫిక్సు ఎలాగూ వస్తాయి. ఆ తూటా ఆడేవాడి చేతికిస్తే అంతకన్నా సంతోషిస్తాను.

ఇదంతా మనకెందుకంటారా? తెలుగులో డిటెక్టివులు లేక కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. తెనాలి పక్కన బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ 1966లోనే 'గూఢచారి 116' అయిపోయాడు. మనవాళ్ళు ప్రోగ్రాములు రాయగలరన్నది కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఒక తెలుగు డిటెక్టివు ఆట చేద్దామంటే ముందు ఓవర్ కోటు వెతుకుతారు. కేసు మాత్రం మన నల్లరేగడి నేలలోనే ఉంది.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసింది. అంతకుముందు కొన్నేళ్ళుగా కొత్తరకం పైరెత్రాయిడ్ మందులు తెగ కొట్టారు. అవి మిత్రపురుగుల్ని చంపాయి, తెల్లదోమ పెరిగింది. అది పెరిగిందని ఇంకా మందు కొట్టారు. అప్పు పెరిగింది, పంట పోయింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో బోల్‌గార్డ్ 2. కొన్నేళ్ళకి గులాబీరంగు పురుగు దానికీ తట్టుకుని తిరిగొచ్చింది. 2021-22లో నల్ల తామరపురుగు మిర్చి మీద పడింది. సీక్వెళ్ళంటే ఇవీ!

ఇప్పుడు దోషి ఎవరు? పురుగా, కంపెనీయా, ప్రభుత్వమా? లేక ఊళ్ళో మందుల కొట్టాయనా? ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆయనే, అరువిచ్చేదీ ఆయనే, చాలాచోట్ల పంట కొనేదీ ఆయనే. పిల్ల పెళ్ళికి ముందొచ్చి నిలబడేదీ ఆయనే. ఆయన్ని దుర్మార్గుడనలేం, ఆయనకీ పైన బాకీలున్నాయి. వ్లాడిమిర్ లెమ్‌ కన్నా చిక్కైన పాత్ర కాదూ?

"రైతు చావుతో ఆటలేమిటి?" అని కొందరికి కోపం రావచ్చు. న్యాయమైన కోపమే. కానీ సినిమా ఏం చేస్తోంది? హీరో చేత నాగలి పట్టించి, ఓ ఉపన్యాసం ఇప్పించి పంపేస్తోంది. మనం కళ్ళు తుడుచుకుని లేచొస్తాం. ఆటకున్న శక్తి వేరు. మరో డబ్బా అరువు తెచ్చి పిచికారీ చెయ్యాలా, ఆగాలా అన్నది మన చేతే తేలుస్తుంది. తప్పని తెలిసీ ఎందుకు కొడతారో అప్పుడర్థమవుతుంది.

అలాంటి ఆటలో నా డిటెక్టివు ఓ బ్యాంకు ఫీల్డాఫీసరో, వ్యవసాయ విస్తరణాధికారో అయితే చాలు. తుపాకీ వద్దు, కాల్చడానికి ఎవరూ దొరకరు. ఆధారాలన్నీ ఓ ఖాతా పుస్తకంలో, ఖాళీ డబ్బాల మీది లేబుళ్ళలో, యార్డులో టిక్కీల తూకం చీటీల్లో ఉంటాయి. వాన అక్కర్లేదు, రాత్రి అక్కర్లేదు. కల్లంలో మిర్చి ఎండబోసిన మిట్టమధ్యాహ్నం చాలు.

ఎస్పోలో కూర్చుని న్యూయార్క్ చీకటి కథ రాసినవాళ్ళని చూసి మనం నేర్చుకోవాల్సింది స్లోమోషన్లో దూకడం కాదు. నేరస్థుణ్ణి మనింటి అరుగు మీద కూర్చోబెట్టే ధైర్యం.