గుంటలు తెలిసిన ఊళ్లో హారాల చిక్కు



విజాతి భిన్నాల సంకలనాన్ని, అంటే గీత కింది సంఖ్య అయిన హారం వేర్వేరుగా ఉన్న భిన్నాలను కలపడాన్ని, కనిష్ఠ సామాన్య గుణిజం కనుక్కొనే సూత్రంతోనే మొదలుపెట్టే బోధన, ఆర్మూరు వంటి పసుపు ప్రాంతంలో పిల్లల ఇళ్లలో ఉన్న లెక్కను చేజేతులా వదులుకుంటున్నది. సగానికి మూడో వంతు కలిపి 2/5 అని రాసిన విద్యార్థి, ఆ జవాబు మొదటి సగం కన్నా తక్కువని గుర్తించకపోవడానికి కారణం అశ్రద్ధ కాదు; భిన్నం ఒక పరిమాణమన్న ఎరుక కలగకముందే అది పైనొకటి, కిందొకటి రాసిన రెండు సంఖ్యలుగా పరిచయం కావడమే. (రెండు పసుపు కొమ్ముల్లో ఒకటి, వేరే మూడింటిలో ఒకటి పుచ్చితే మొత్తం ఐదింటిలో రెండు పుచ్చినట్టే గాని, అది కొమ్ములను లెక్కపెట్టడమే తప్ప భిన్నాలను కలపడం కాదు.)

ఎకరానికి 40 గుంటలని తెలిసిన పిల్లలకు పావు ఎకరం 10 గుంటలు, ఐదింట రెండు వంతులు 16 గుంటలు, వెరసి 26 గుంటలు, అంటే 26/40 ఎకరం అని చెప్పడానికి సూత్రం అక్కరలేదు. ఇక్కడ గుంట చేసిన పనే ఉమ్మడి హారం చేస్తుంది: రెండు వాటాలనూ ఒకే కొలతలోకి తెస్తుంది.

అయితే ముగ్గురు అన్నదమ్ములు పంచుకొనే ఎకరంలో ఒక్కొక్కరి వాటా 13 గుంటల మీద ఇంకో గుంటలో మూడో వంతుకు చీలుతుంది గనుక గుంట చాలదు. అసలు పాఠం మొదలయ్యేది అక్కడే. పాతిక, పరక, వీసం వరుసగా నాలుగో, ఎనిమిదో, పదహారో వంతులై ఒకదానిలో మరొకటి నిశ్శేషంగా ఇమడడం వల్ల అణాల కాలపు బేరసారాలకు గుణిజాలతో అంతగా పని పడలేదు. పసుపు రాశిలో మూడో వంతు ఒకరికి, నాలుగో వంతు మరొకరికి అమ్మినప్పుడు మాత్రం రాశిని 12 భాగాలు చేయక తప్పదు, ఎందుకంటే మూడింటితోనూ నాలుగింటితోనూ తెగే అతి చిన్న సంఖ్య అదే. అమ్మినవి నాలుగు, మూడు కలిసి 7/12. ఈ అతి చిన్న సంఖ్యనే 9వ శతాబ్దిలో గణితజ్ఞుడు మహావీరాచార్యుడు నిరుద్ధమన్నాడు. ఆయన గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

పరీక్షలో వేగానికి హారాలను గుణించేస్తే చాలదా అనేవారు 1/12కు 1/40 కలిపి చూడవచ్చు: గుణిస్తే హారం 480, గుణిజమైతే 120. కాబట్టి సూత్రం ఉండవలసిందే, కాని గుంటలతో కూడి, మూడో వంతు దగ్గర ఆగిన తర్వాత.

ఒక పాఠకుడు, ఆర్మూరు