ములాఖత్‌కు మనమూ పోదాం



వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, పోటీ పరీక్షల గురించి, బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆశయాల గురించి ఎవరో ఒకరు తప్పక రాస్తారు. జైలు గురించి రాసేవారు తక్కువ. మన వాడల్లో, తండాల్లో ఎవరి కొడుకో, ఎవరి అల్లుడో ఏదో ఒక కేసులో లోపల ఉండడం కొత్త సంగతి కాదు. ఊరంతా దాని గురించి గుసగుసలాడుతుంది. ఆ మనిషిని చూసి రావడానికి ఎవరు పోతారు, ఎట్లా పోతారు, పోయి ఏం మాట్లాడతారు అని మాత్రం ఎవరూ అడగరు. హాస్టళ్లలో ఉండి నాలుగక్షరాలు నేర్చిన మనమే ఆ మాట అడగాలని మా అభిప్రాయం.

మన దంతాలపల్లి ఖమ్మం-వరంగల్ రోడ్డు మీది ఊరు. 2016లో జిల్లాలు విడిపోయి మహబూబాబాద్‌లో కలిసేదాకా మనది వరంగల్ జిల్లానే. మన వైపు వారికి పెద్ద జైలంటే 1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారమే. పొద్దున సద్ది కట్టుకుని తొర్రూరు మీదుగా బస్సెక్కితే, చూసి పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. 2021 జూన్‌లో పెద్దాసుపత్రి కట్టడానికి ఆ జైలును ఖాళీ చేసి, ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ, మరికొన్ని జైళ్లకు తరలించారు. ఆసుపత్రి కావలసిందే, అందులో వాదం లేదు. కానీ ఆ రోజు ఖైదీలతో పాటు వారి తల్లుల ప్రయాణం కూడా మారిపోయిందని ఎవరు లెక్క వేశారు? హైదరాబాదు పోవాలంటే ఛార్జీలు కావాలి, కూలి పోగొట్టుకోవాలి, నగరంలో ఏ బస్సెక్కాలో తెలియాలి. చట్టం శిక్ష వేసేది ఒక్కరికే. దూరం మాత్రం ఇంటిల్లిపాదికీ శిక్ష వేస్తుంది.

పైగా వీరిలో ఎక్కువ మందికి అసలు శిక్షే పడలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్క ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. వీరిలో దళితుల వాటా జనాభాలో మన వాటా కంటే ఎక్కువ.

ములాఖత్ అనేది జైలు అధికారి దయతో ఇచ్చేది కాదు. ఖైదీని కుటుంబ సభ్యులు, మిత్రులు కలవడం ఎంత అవసరమో సుప్రీంకోర్టు 1979లో సునీల్ బాత్రా కేసులో చెప్పింది. నిర్బంధంలో ఉన్నవారు తమ వారిని, వకీలును కలవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి వస్తుందని 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో తీర్పు చెప్పింది. ఈ సంగతి తెలిసి గేటు దగ్గర నిలబడడం వేరు, తెలియక చేతులు కట్టుకుని నిలబడడం వేరు.

ఇక ఏర్పాట్ల సంగతి. మొదట మనిషి ఏ జైల్లో ఉన్నాడో రూఢి చేసుకోవాలి. సబ్‌జైలుకు పంపారని విని పోతే, అప్పటికే వేరే జైలుకు మార్చి ఉండవచ్చు. ములాఖత్ రోజులు, వేళలు ముందే ఆ జైలును అడగాలి. ఈ-ప్రిజన్స్ వెబ్‌సైటులో ముందుగా పేరు నమోదు చేసుకునే వీలు కూడా ఉంది. మన ఇళ్లలో అమ్మానాన్నలు చేయలేని పని ఇది, మనకు పది నిమిషాల పని. గుర్తింపు కార్డు మరిచిపోవద్దు. సెల్‌ఫోను లోపలికి రానివ్వరు. కన్నతల్లి చేసుకుపోయిన అరిసెలు గేటు దగ్గరే ఆగిపోవచ్చు. కాబట్టి ఏవి తీసుకుంటారో, ఖైదీ ఖాతాలో డబ్బు ఎట్లా కట్టాలో ముందే కనుక్కుంటే ఆ తల్లికి మనసు కష్టం తప్పుతుంది.

అసలు పని జాలీ దగ్గర దొరికే ఆ కొద్ది నిమిషాలలో ఉంటుంది. అమ్మ ఏడుస్తుంది, కొడుకు తల దించుకుంటాడు, గంట కొడతారు. ఆ ఏడుపు ఆపమని మేము అనడం లేదు. పక్కన చదువుకున్న మనిషి ఒకరుంటే నాలుగు మాటలు అడిగి రాసుకుంటారు: ఏ పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు ఎంత, ఏ సెక్షన్లు, అరెస్టయిన తేదీ ఏది, ఛార్జిషీటు వేశారా, వాయిదా ఎప్పుడు, వకీలు ఉన్నాడా.

ఈ వివరాలకు విలువ ఉంది. నేరాన్ని బట్టి 60 లేక 90 రోజులలోగా ఛార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడదగిన నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. ఇక వకీలు సంగతి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు.

బెయిలు వచ్చినా జామీను దొరకక లోపలే ఉండిపోయేవారున్నారు. మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి పదివేల జామీను అడిగి, అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదంటే, 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని చెప్పి వెయ్యి రూపాయలకు తగ్గించారు. 2023లో కేంద్రం పేద ఖైదీల కోసం పెట్టిన పథకంలో విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా సాయం ఇచ్చే వీలు కల్పించారు. ఎవరో ఒకరు కాగితం పెట్టనిదే ఇవేవీ జైలు గోడ దాటి వాటంతట అవి లోపలికి పోవు.

"తప్పు చేసినవాడిని చూడడానికి ఎందుకు? రేపు మన ఉద్యోగానికి మచ్చ రాదా?" అని కొందరు మిత్రులు అంటారు. జైలుకు పోయి ఒకరిని పలకరించడం నేరం కాదు. లోపలున్న వారంతా అమాయకులని మేము అనడం లేదు. నష్టపోయినవారూ చాలాసార్లు మన వాడల వారే, వారికీ మనం తోడుండాలి. తప్పు తేల్చేది కోర్టు. అది తేల్చేలోగా మనిషిని ఒంటరిని చేసే అధికారం మనకెవరిచ్చారు? మన పక్కనున్న చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కూడా నిజాం జైలులో ఉన్నవారే. ఆయన పేరు గర్వంగా చెప్పుకునే మనం, పేరు లేని వాళ్లు జైలుకు పోతే మొహం తిప్పుకోవడం న్యాయమా?

కనుక పూర్వ విద్యార్థుల సంఘానికి మా విన్నపం ఒకటే. మండలానికి ఇద్దరిని ఎంచుకుందాం. జైల్లో మనిషి ఉన్న ఇంటికి పోయి వివరాలు రాసుకుందాం. దారి ఖర్చులకు నెలకింత పోగు చేద్దాం. ప్రతి ములాఖత్‌కు ఆ తల్లి పక్కన మనలో ఒకరం నిలబడదాం. ప్రభుత్వ సొమ్ముతో, ప్రజల సొమ్ముతో తిని చదువుకున్నాం. ఆ చదువు ఉద్యోగం దగ్గరే ఆగిపోకుండా జైలు గేటు దాకా పోవాలి.