క్షమాపణ అనగా దోచినది దాచుకొనుట కాదు



మన సంఘములలో ఒక మాట మిక్కిలి చౌకయైపోయినది. బలవంతుడు బలహీనుని పొలము గట్టు జరిపినను, జీతగాని కూలి ఎగవేసినను, పెద్దలు కూర్చుండి నష్టపోయినవానివైపే తిరిగి, “దేవుడు నిన్ను క్షమించెను గదా, నీవును క్షమించి ఊరకుండుము” అందురు. తీసికొన్నవానిని తిరిగి ఇమ్మని అడుగరు. ఇది క్షమాపణ కాదు. దేవుని పేరట దొంగసొత్తును కాపాడుట.

మన ప్రాంతపు చరిత్రను చూడుడి. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి కారణమైన అప్పులను కొట్టివేసి, ఆ అప్పుక్రింద పట్టుకొన్న ఆస్తిని విడువవలెనని విధించెను. అయినను వెట్టి మానలేదు గనుకనే 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది పేదలు కూడిరి. ఆదిలాబాదు గిరిజనుల భూములకొరకు 1959 నాటి నిబంధనను 1963లో తెలంగాణకును వర్తింపజేసి, 1970లో మరింత కఠినము చేసిరి. అక్రమముగా చేతులు మారిన భూమిని గిరిజనునికి తిరిగి అప్పగించుమనియే దాని ఆజ్ఞ. లోకపు చట్టమే “తిరిగి ఇమ్ము” అనుచుండగా, సంఘము “మరచిపొమ్ము” అనుట సిగ్గు కాదా?

వాక్యమేమి బోధించుచున్నది? పొరుగువానిని మోసగించినవాడు మూలధనమునకు అయిదవ వంతు కలిపి సొంతదారునికిచ్చి, అపరాధపరిహారార్థబలి తేవలెనని లేవీయకాండము 6వ అధ్యాయము. లూకా 19లో జక్కయ్య కన్నీటితో సరిపుచ్చలేదు. అన్యాయముగా తీసినదానికి నాలుగంతలు ఇత్తుననెను. ఆ యింటికి రక్షణ వచ్చినదని ప్రభువు పలికినది ఆ మాట విన్న తరువాతనే. మత్తయి 5లో బలిపీఠమునొద్ద అర్పణము విడిచి వెళ్లవలసినవాడెవడు? ఎవనిమీద సహోదరునికి ఫిర్యాదు కలదో వాడే. మనమో, ఫిర్యాదు గలవానినే నడిపించుచున్నాము!

“క్రీస్తు సిలువపై సమస్తము చెల్లించెను, ఇక మనము చెల్లించుటేల?” అని కొందరందురు. దేవునికి మనము తీర్చలేని ఋణమును ఆయన తీర్చెను; నిజమే. అయితే నీ గాదెలోనున్న పొరుగువాని వడ్లు ఆయన సిలువవలన నీవి కాలేదు. పాపమును చూచి చూడనట్లు విడిచిపెట్టగలిగినయెడల, దేవుడు తన కుమారుని అప్పగింపనేల? సిలువ న్యాయమును కొట్టివేయలేదు. న్యాయమును నెరవేర్చియే కృపకు ద్వారము తెరచెను.

అన్యాయము పొందిన సహోదరుడా, నీకును ఒక మాట. పగ తీర్చుకొనుట నీ పని కాదు, అది దేవునిది. క్షమించుట అనగా పగను విడుచుట, హక్కును విడుచుట కాదు. నీ కూలిని నీవు అడుగవచ్చును, కచేరికిని పోవచ్చును. ద్వేషమును మాత్రము ఇంటికి తేవద్దు. నీ క్షమాపణ నీవు ఇష్టపూర్వకముగా ఇచ్చు దానము. దానిని బలవంతముగా రాబట్టు అధికారము ఏ పెద్దకును, ఏ పాదిరికిని లేదు.

కావున సంఘపెద్దలారా, తగవు మీ యెదుటికి వచ్చినప్పుడు ముందుగా తీసికొన్నవానిని పిలిచి, “ఏమి తీసికొంటివి? ఎప్పుడు తిరిగి ఇత్తువు?” అని అడుగుడి. వాడు ఇచ్చిన పిమ్మట ఇద్దరిని ఒక్క ప్రభుబల్లయొద్దకు నడిపింపుడి. అప్పుడు ఆ రొట్టె వారిరువురికిని సమాధానముగా నుండును. ఆమేన్.