చెన్నపురి ట్రాములు

1895 మే 7వ తేదీన చెన్నపురి వీథులలో విద్యుత్తు ట్రాముబండి తొలిసారి కదలినప్పుడు, భారతదేశమున మఱి యే నగరమునకును ఆ భాగ్యము లేదు. కలకత్తాలోను బొంబాయిలోను ట్రాములను ఇంకను గుఱ్ఱములే లాగుచుండెను. బొంబాయికి విద్యుత్తు ట్రాము దక్కుటకు మఱి పండ్రెండేండ్లు పట్టినది.

తొలుత ఆ బండ్లకు పైని తీగలు లేవు. పట్టాల నడుమ నేలలో సన్నని చీలిక, దాని క్రింద చిన్న కాలువ, ఆ కాలువలో విద్యుద్వాహకము. బండి అడుగునుండి దిగిన ఇనుపచేయి యొకటి చీలికగుండ పోయి దానిని తాకుచు శక్తిని గ్రహించెడిది. చూపులకు ముచ్చటయైన యేర్పాటే గాని, చెన్నపట్టణపు కార్తికమాసపు వానలెట్టివో యెఱుగనివారి యూహ అది. కాలువలో నీరు నిండినచో బండి కదలదు. అందుచేత దానిని విసర్జించి, స్తంభములు నాటి, మీద తీగలు లాగిరి. 1921 నాటికి 24 కిలోమీటర్ల దారిలో 97 బండ్లుండెను. జార్జిటౌనులోని గుమాస్తాలకును, తంబుచెట్టివీథి ఆంధ్రపత్రికా కార్యాలయమువంటి చోట్ల పని చేసికొను మన తెలుగువారికిని అవియే వాహనములు.

1953 ఏప్రిల్ 12తో ఆ కథ ముగిసెను. బస్సు వచ్చుటచే ట్రాము చచ్చెనందురు. ఆ మాట నే నొప్పను. మెల్బోర్నులో బస్సులు లేవా? వియన్నాలో లేవా? అచ్చట ట్రాములు నేటికిని నడచుచున్నవి. పట్టాలు, తీగలు, స్తంభములు, వాని మరమ్మతులు, సమస్తమును ట్రాము కంపెనీ తలపై నుండగా, బస్సు ప్రజాధనముతో వేసిన రోడ్డుపై నడచెను. ఇట్టి పందెములో ఓడినదానిని కాలము చెల్లినదనుట అన్యాయము. కంపెనీ దివాలా తీసినది సరే, వేలాది సామాన్యులు నిత్యము ఎక్కి దిగు దారిని ఒక వ్యాపారపు లాభనష్టములకు వదలుట ఎట్టి రాజనీతి?

ఆ సంవత్సరమే అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి, రాజధాని కర్నూలునకు తరలినది. చెన్నపురి చేజాఱెనన్న దుఃఖము పెద్దది గనుక, అందు ట్రాముల తలపు కలసిపోయినది. వానిని తలచి నిట్టూర్చిన తెలుగువా రున్నారు గాని, అవి యెందుకు పోయెనని నిలదీసినవారు అరుదు.

నేడు కలకత్తాలో మిగిలిన కొలది దారులను కాపాడుటకై పౌరులు న్యాయస్థానమునకు పోయియున్నారు. రోడ్డు ఇఱుకని, బండి మందగమనమని వారికి చెప్పుచున్న కారణములను వినునప్పుడు, ఆ రోడ్డును ఇఱుకు చేసినది ట్రామా, ఒక్కొక్క మనిషి నెక్కించుకొని దానికి అడ్డుపడు కార్లా యని ముందుగా తేల్చుడని ఆ న్యాయమూర్తులను నేను వేడుచున్నాను.