దుకాణానికి రెండో గుమ్మం

పిల్లలూ, ఈ నెల మనం ఒక దుకాణం కడదాం. ఇటుకలూ, సున్నమూ అక్కర్లేదు. నాలుగు తెల్లకాగితాలూ, ఒక పెన్సిలూ ఉంటే చాలు.

విజయవాడకు దగ్గరలో కొండపల్లి అనే ఊరున్నది. అక్కడ తరతరాలుగా కొయ్యబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. వాళ్ళు తెల్ల పొణికి అనే తేలిక కర్రను చెక్కి, కాళ్ళూ చేతులూ విడివిడిగా చేస్తారు. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో వాటిని అతికి, సున్నం పూసి, ఆ పైన రంగులు వేస్తారు. సంక్రాంతికి మీ ఇంట బొమ్మల కొలువు పెడితే అందులో కొండపల్లి ఏనుగు అంబారీ మీరు చూసే ఉంటారు.

అలాంటి బొమ్మల దుకాణం ఒకటి ఉన్నదనుకోండి. దాని గుమ్మం దాకా వచ్చినవాళ్ళే బొమ్మలు కొంటారు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఎలా వస్తారు? అంచేత యజమాని ఒక వెబ్‌సైటు పెట్టదలచాడు. అది ఆ దుకాణానికి రెండో గుమ్మమన్నమాట.

ఈ వెబ్ అనేదాన్ని 1989లో టిం బర్నర్స్-లీ అనే ఆయన ప్రతిపాదించాడు. అప్పుడాయన జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో పని చేస్తున్నాడు. 1993లో సెర్న్ దీన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆనాడు దానికి రుసుము పెట్టి ఉంటే, మన బొమ్మల దుకాణానికి ఈ గుమ్మం ఇంత సులువుగా దొరికేది కాదు.

సరే, గుమ్మంలో ఏం పెట్టాలి? యజమాని, "మా తాతగారి ఫొటో పెడదాం, రంగులు మిలమిల మెరవాలి, పాట కూడా వినిపించాలి," అంటాడు. కొనేవాడికి ఇవేవీ తక్షణం అక్కర్లేదు. అతను ఒక ప్రశ్న పట్టుకుని వస్తాడు. మీలో ఒకరు యజమాని వేషం, ఒకరు కొనేవాడి వేషం వేసి చూడండి. ఈ బొమ్మ ఎంత? ఎంత ఎత్తుంటుంది? పండగలోపల చేరుతుందా? దారిలో విరిగితే ఎలా? ఎవరికి ఫోను చెయ్యాలి? అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటికి జవాబులే వెబ్‌సైటు.

ఇప్పుడు రెండో కాగితం మీద సెల్‌ఫోను పెట్టి, చుట్టూ గీత గియ్యండి. కొనేవాళ్ళలో చాలామంది మన దుకాణాన్ని ఆ చిన్న కిటికీలోంచే చూస్తారు. ఏమి అమ్ముతామో, ఏ ఊరో, ఫోను నంబరేమిటో అందులోనే పట్టాలి. తాతగారిని మరిచిపోవద్దు. ఆయన చెక్కే విధానం చూస్తేనే గదా, ప్లాస్టిక్ బొమ్మకన్న దీనికి ఎక్కువ ఎందుకివ్వాలో తెలిసేది! ఆయనకు మూడో కాగితం ఇవ్వండి.

బొమ్మను ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక అగ్గిపెట్టె ఉంచండి. లేకపోతే జానెడు ఏనుగును మూరెడనుకుని కొని, తిప్పి పంపేస్తారు.

ఫొటోల బరువు కూడా చూసుకోవాలి. సెల్‌ఫోనుతో తీసిన ఫొటో ఒక్కొక్కటి 4 మెగాబైట్లుండవచ్చు. అంటే 32 మెగాబిట్లు. సెకనుకు 2 మెగాబిట్లు వచ్చే నెమ్మది లైను మీద అది 16 సెకన్లు తీసుకుంటుంది. పది ఫొటోలకు 160 సెకన్లు! అంతసేపు ఎవరు కాచుకుంటారు? అదే ఫొటోను 200 కిలోబైట్లకు కుదిస్తే పదీ కలిసి 8 సెకన్లలో వచ్చేస్తాయి. సెల్‌ఫోను తెర మీద ఆ తేడా సాధారణంగా కంటికి ఆనదు.

ధరను ఫొటోలో రంగుతో రాయకండి, అక్షరాలుగా విడిగా రాయండి. చూపు లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాధనాలున్నాయి. అవి అక్షరాలను చదివినంత బాగా బొమ్మలోని రాతను చదవలేవు.

ఇక వెబ్‌సైటు పేరు. దానికి ఏటా అద్దె కట్టాలి. నాకు తెలిసిన పచ్చళ్ళ దుకాణం ఒకటున్నది. వాళ్ళకు వెబ్‌సైటు చేసిపెట్టిన మనిషి ఆ పేరును తన పేరిట రాయించుకుని, తరవాత ఊరు వదిలి వెళ్ళాడు. గడువు వచ్చిందన్న కబురు ఆయనకే వెళ్ళింది. పేరు కాస్తా పోయింది. సీసాల మీదా, సంచుల మీదా అచ్చువేయించినదంతా వృథా! అంచేత పేరు యజమాని పేరిటే ఉండాలి, గడువు తేదీ గోడమీది క్యాలెండరులో రాసి ఉండాలి.

కాగితాలన్నీ తయారయాక ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఇచ్చి, "ఈ ఏనుగు కొను," అనండి. మీరు నోరు మెదపవద్దు. వాళ్ళ వేలు ఎక్కడ తడబడుతుందో మటుకు చూడండి. అక్కడ తప్పు కాగితానిదే, వాళ్ళది కాదు.

నేను మా పక్కింటి బామ్మగారికి ఇచ్చి చూశాను. ఆవిడ ధర చూసింది, ఎత్తు చూసింది, ఫోను నంబరు కూడా కనుక్కున్నది. తరవాత, "పసివాడు నోట్లో పెట్టుకుంటే ఈ రంగు ఏమీ చెయ్యదు గదా, నాయనా?" అని అడిగింది.

ఆ ప్రశ్న మన మొదటి కాగితంలో లేదు. రాసుకోండి.