గణితం తెలిస్తే చాలదా?

సేజ్‌మ్యాథ్ అని లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. గణితవేత్త విలియం స్టైన్ 2005లో దాన్ని మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, బాగుచేయవచ్చు కూడా. 2023ను కారణాంకాలుగా విడగొట్టమంటే 7 × 17² అని క్షణంలో చెబుతుంది.

బాగుచేయడమంటే ప్రోగ్రాములు రాయడమొక్కటే అనుకోకండి. అందులోని ఆదేశాలకు వివరణలు, ఉదాహరణలు రాసి ఉంటాయి. ఆ ఉదాహరణలను కంప్యూటరు మళ్లీ చేసి చూసి, జవాబు రాసినట్టే వచ్చిందా అని సరిచూస్తుంది. కాబట్టి మంచి ఉదాహరణ ఒకటి రాసినవారు సాఫ్ట్‌వేర్‌కు ఒక పరీక్ష పెట్టినట్టే! ఈ పని లెక్కల మేష్టారు చేయగలరు. లెక్కలంటే ఇష్టమున్న పదో తరగతి విద్యార్థీ చేయగలడు.

చిక్కంతా గుమ్మం దగ్గరే. ఇంతమంది చేయి వేసే పనిలో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో తెలియాలి. ప్రయోగశాల రికార్డులో తప్పును చెరిపేయకుండా, గీత కొట్టి పక్కన సరైనది రాయమంటాం కదా, అలాంటిదే. ఈ పద్ధతిని వెర్షన్ కంట్రోల్ అంటారు. సేజ్‌మ్యాథ్‌లో ఇందుకు వాడేది గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని లినక్స్ కెర్నల్ రాసే ప్రోగ్రామర్ల కోసం తయారుచేశాడు. అందుకే దాని మాటలన్నీ వాళ్ల మాటలే: బ్రాంచ్, కమిట్, మెర్జ్. ఇద్దరు ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా మారిస్తే గిట్ తేల్చలేక, రెండింటినీ ఏవేవో గుర్తులతో మన ముందు పెట్టి ఊరుకుంటుంది. కొత్తవారు తామేదో పాడుచేశామని బెదిరిపోతారు. నిజానికి అంతకుముందు నమోదైన ప్రతులన్నీ భద్రంగానే ఉంటాయి.

"ముందు గిట్ నేర్చుకుని రండి" అనేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఒక్క వాక్యం దిద్దడానికి అంత చదువా? 2023లో సేజ్‌మ్యాథ్ పని గిట్‌హబ్ అనే వెబ్‌సైటుకు మారాక కొంత మేలు జరిగింది. అక్కడ పెన్సిలు బొమ్మ నొక్కి, బ్రౌజరులోనే వాక్యం దిద్ది పంపవచ్చు. బ్రాంచ్ సంగతి వెబ్‌సైటే చూసుకుంటుంది. పంపినదాన్ని మరొకరు పరిశీలించాకే చేర్చుకుంటారు. ఆ పరిశీలన మాత్రం ఎవరికీ సడలించకూడదు, పెద్ద ప్రొఫెసరైనా సరే.

ఇది కూడా చాలదంటాను. గిట్‌లో మార్పు రాసినవారి పేరుకు ఒక చోటు, దాన్ని చేర్చినవారి పేరుకు వేరే చోటు మొదటినుంచీ ఉన్నాయి. అంటే మేష్టారు తన ఉదాహరణను మామూలుగా రాసి పంపితే, ప్రోగ్రామరు దాన్ని గిట్‌లో చేర్చి, రాసినవారి చోట మేష్టారి పేరే పెట్టవచ్చు. ఆ కొద్ది శ్రమ తెలిసినవారే పడాలి. రెండోసారో మూడోసారో మేష్టారే గిట్ నేర్పమని అడగవచ్చు. అడగకపోయినా ఉదాహరణ చేరింది కదా!